ఈగల సాక్ష్యం

"ఇటు చూడు నాన్నా" అంటూ లిఖిత గాజు సీసాను బల్లకేసి తట్టింది. లోపలున్న పండు ఈగలన్నీ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాయి.

"కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు కావలసిన ఎంజైము జీను వీటిలో చెడింది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ చెడ్డదే వస్తే ఇంతే. తమ్ముడు నాలుగేళ్లకే పోయింది దీనివల్లే. మీది మేనరికం కదా!"

పూర్ణచంద్రరావు కండువాతో కళ్లొత్తుకున్నాడు. రేపల్లె మాగాణి గట్టు దాటకూడదని మేనమామ కూతుర్ని చేసుకున్న మనిషి. కొడుకు ప్రాణం దాటిపోయినా బుద్ధి రాలేదు. కూతుర్ని కూడా అక్క కొడుక్కే ఇస్తానంటున్నాడు.

బాపట్ల ల్యాబులో లిఖిత నాలుగేళ్లుగా పనిచేస్తున్నది ఈ జీను మీదే. పెళ్లి మాట వచ్చిన ప్రతిసారీ ఈగల్నే సాక్ష్యం పెట్టింది.

"అర్థమైందమ్మా" అని ఆయన సంచిలోంచి కాగితం తీశాడు. "నువ్విట్లా అంటావనే తెనాల్లో మీ బావకి రక్తపరీక్ష చేయించాం."

లిఖిత రెండుసార్లు చదివింది. బావలో ఆ జీను నిక్షేపంగా ఉంది. వాళ్లకు పుట్టే బిడ్డలకు ఈ జబ్బు రాదు. నాలుగేళ్ల చదువు ఆమె ఎదుటే తండ్రి పక్షాన చేరింది.

"నీ సైన్సే ఒప్పుకుందిగా! ఇంకేంటి అడ్డం?"

"నాకిష్టం లేదు నాన్నా."

ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంటమ్మా?" అని నవ్వి, ఆయన పురోహితుడికి ఫోను కలిపాడు.