సొరంగం ముందు పోలమ్మ

ఇది చిన్న కథ, గుక్క తిప్పుకునేలోపు అయిపోతుంది. అన్నట్టు, మా పొలం గట్టు కింది ఎలుకలు వేరుశనగ వాసనొస్తే పెళ్ళిపీటల మీంచైనా లేచి వచ్చేస్తాయి, పెళ్ళికొడుకుతో సహా. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

ఆ ఏడు వేరుశనగ కొట్టులోకి సొరంగం తవ్వే పనికి పందికొక్కు దాలయ్య మేస్త్రీ. సొరంగం నోట నిమ్మకాయ, మిరపకాయలు కట్టించి, "ఇక భయం లేదు, దిగండి" అన్నాడు.

కిందటేడు అలాంటి నిమ్మకాయ కిందే ఎలుక పోలమ్మ మొగుడు మట్టిలో కూరుకుపోయాడు. ఇంట్లో పిల్లలకు ఇక ఆమె ఒక్కతే. పోలమ్మ సొరంగం ముందు బైఠాయించింది.

"కప్పుకు ఊతకర్రలు పెట్టించు మావా, దిగుతాను."

"మా తాత ఊతకర్రలు పెట్టే తవ్వాడా?"

"లేదు. అందుకే ఆయన్ని తవ్వి తీశారు."

ఎలుకలన్నీ పకపకా నవ్వి, ఒక్కొక్కటే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాయి. దాలయ్యకు ఒళ్ళు మండింది. తానే లోపలికి దూరి, చివరిదాకా తిరిగి, మీసానికి మట్టయినా అంటకుండా బయటికొచ్చాడు.

"చూశారా? కూలిందా?"

"కూలలేదు మావా, సంతోషం. కర్రలు ఎప్పుడొస్తాయి?"

ఒక్కటీ లేవలేదు. పోలమ్మంత నిటారుగా కూర్చున్న ఎలుకను ఆ గట్టు కింద అంతకుముందు ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి దాలయ్యే తుమ్మకర్రలు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు.