ఎర్రబడిన ఆవం

ఆవం చల్లారింది గానీ అత్త చల్లారలేదు. నల్లగా నిగనిగలాడాల్సిన కుండలన్నీ ఎర్రగా బయటపడ్డాయి.

"నల్లకుండల కోయోతెపెక్‌లో ఎర్రకుండలా! ఆవం నోరు మట్టితో మెత్తింది నువ్వే కదే, నాయేలీ? ఆకుపచ్చ కుండల ఊరి పిల్లని తెచ్చుకుంటే ఇంతే!" అత్త ఎవుఫ్రాసియా అరుపుకి ఇరుగుపొరుగు గోడల మీద తలలు మొలిచాయి.

"మన మట్టిలో ఇనుముంది కదత్తా. గాలి ఆడకపోతే నల్లబడుతుంది, ఆడితే ఎర్రగానే ఉండిపోతుంది. ఎక్కడో గాలి దూరింది," అంది కోడలు తలొంచుకుని.

"కంత వదిలిందెవరు మరి?"

కోడలి చూపు గోడల మీది తలల వైపు పోయింది. అత్త విసురుగా వంగి ఆవం నోటి మెత్తుడు తడిమింది. అంతా రాయిలా ఉంది. ఒక మూల మాత్రం వేలెడు అతుకు రాలిపోయింది. ఆ అతుకు తనదే. కోడలి పని మీద నమ్మకం లేక, నిన్న ఆవం కాలుతుండగా మట్టి పెకలించి లోపలికి తొంగిచూసి, మళ్లీ మట్టి అంటించింది తనే.

"నిన్న నన్ను చూశావా?"

"చూశాను."

"చెప్పవేం?"

"అందరూ వింటున్నారు కదత్తా."

ఎవుఫ్రాసియా కుండలకంటే ఎర్రబడింది. గోడల వైపు తిరిగి, "కంత పెట్టింది నేను," అని గొణిగింది.

"ఇందాక గొంతు బాగానే లేచిందే!" అంది పక్కింటి క్రిస్పినా.

ఎవుఫ్రాసియా మళ్లీ చెప్పింది, ఈసారి వీధి చివరిదాకా వినపడేలా.