పాలపొడి డబ్బా ఇంజను

హనుమండ్లు చేసిన నాలుగో ఇంజను మూత ఎగిరి గూనపెంకులకు తగిలి, తిరిగొచ్చి పోశవ్వ వండిన పప్పులో పడింది.

"ఇంజను నీదే, పప్పు గూడ నీదే. తిను" అంది పోశవ్వ.

తిన్నాడు. మొగుడన్నాక ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆ మాత్రం తెలుసు.

1978 ఎండాకాలం, బెల్లంపల్లిలో ఇదంతా ఒక పల్లీల పొట్లంతో మొదలైంది. పల్లీలు అయిపోయాక చూస్తే అది ఏదో పిల్లల పత్రిక కాగితం. ‘చిన్నపిల్లలు కూడా చేసుకోగల ఆవిరి ఇంజను’ అని బొమ్మతో సహా ఉంది. పాలపొడి డబ్బాలో నీళ్లు పోసి, కింద స్పిరిటు దీపం పెట్టాలి. ఆవిరి సన్నగొట్టంలోంచి వచ్చి, సైకిలు పంపు ముక్కలోని కడ్డీని తోస్తే చక్రం తిరుగుతుంది. అంతే. కాకపోతే సగం కాగితం చిరిగిపోయింది. మిగతా సగాన్ని హనుమండ్లు సొంత తెలివితో పూరించాడు. ఆ తెలివే నాలుగు డబ్బాలను మింగింది.

‘చిన్నపిల్లలు కూడా’ అన్న మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పిల్లల ఆటలో నాలుగుసార్లు ఓడిపోయాడు.

పక్కింటి దర్జీ సాంబయ్యకు ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకలేదు.

"అన్నా, గీ డబ్బనే తిప్పరానోనికి నౌకరి ఎవడిచ్చిండే?" అన్నాడు గోడ మీది నుంచి.

హనుమండ్లుకు చురుక్కుమంది. "నాకు రాకపోతె గీ బెల్లంపల్లిల ఇంకెవనికొస్తదిరా? ఐతారం పొద్దుగాల రా. చక్రం పది చుట్లు తిరగకపోతె మీసాలు తీపిచ్చుకుంట."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. ఆ మీసాలు పాతికేళ్లవి. పెళ్లిచూపుల కోసం పెంచినవి. మనిషి బక్కపలచన, గొంతు పీల. కొలువులో తనకు ఇద్దరు భయపడుతున్నారంటే అది ఆ మీసాలకేనని అతని నమ్మకం. అవి పోతే మిగిలేది పొడుగాటి మెడ, బొగ్గు మరకల చొక్కా. చొక్కా సంగతి సరే, బెల్లంపల్లిలో బొగ్గు మరక లేని చొక్కా దర్జీ దుకాణంలోనే ఉంటుంది.

శనివారం సాయంత్రానికి ఐదో ఇంజను తయారైంది. పోశవ్వ అంగడికి పోవడం చూసి దీపం వెలిగించాడు. ఇంజను బుస్సుమంది, రెండుసార్లు తుమ్మింది, ఆపైన చక్రం కదిలింది. పది కాదు, ముప్పై చుట్లు తిరిగింది. హనుమండ్లుకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిని, మీసాలకు కొబ్బరినూనె రాసి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున వాకిలి నిండింది. సాంబయ్య వాడకట్టంతా చాటింపు వేసినంత పని చేశాడు. మంగలి ముత్యాన్ని పొదితో సహా పిలుచుకొచ్చి అందరికంటే ముందు కూర్చోబెట్టాడు.

హనుమండ్లు గొంతు సవరించుకొని, ఎవరూ అడగకపోయినా, ఆవిరి బలం గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. దీపం ముట్టించాడు.

చక్రం రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టు సగంలో ఆయాసపడి ఆగింది. డబ్బా అడుగు నల్లబడింది. అతుకులు కరిగాయి. గొట్టం తల వాల్చేసింది. ఇంజను మెల్లగా ఒక పక్కకు ఒరిగి పడుకుంది.

ముత్యం వంగి డబ్బాలోకి చూశాడు. "నీళ్లేవే అన్నా?"

నిన్న పోసిన నీళ్లు, అడుగున గుక్కెడు తప్ప, నిన్ననే ఆవిరైపోయాయి. ఇవాళ మళ్లీ పోయలేదు.

"నీళ్లు సూసుకునుడు నా పని కాదు గద" అన్నాడు హనుమండ్లు, నోరు జారి.

అది నిజమే. ఇన్నేళ్లలో నీళ్ల సంగతి ఎప్పుడూ వేరేవాళ్లే చూసుకున్నారు.

"సూసిన్రా? తాగెటందుకు చెంబు గూడ చేతికియ్యాలె ఈయనకు" అంది పోశవ్వ జనంతో. "ఇగ డబ్బల గూడ నేనే పొయ్యాల్నట."

వాకిలంతా ఒకటే నవ్వు. హనుమండ్లు పోయి ముత్యం ముందు పీట మీద కూర్చున్నాడు. కత్తి అటొకసారి, ఇటొకసారి ఆడింది. పాతికేళ్లు ఒళ్లో రాలిపడ్డాయి.

పోశవ్వ ఆ మొహాన్ని ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది. "గీ మొకంతోని పెండ్లిచూపులకొస్తె నేను ఒప్పుకుందునా?" అంది.

సిగ్గుతో అతనికి చచ్చిపోవాలనిపించింది. సెలవు పెడదామనుకున్నాడు. మూతి బోసిపోయిందని సెలవు ఇచ్చే దొర ఇంకా పుట్టలేదు.

తెల్లారి, పంటి నొప్పి ఉన్నవాడిలా మూతికి రుమాలు అడ్డం పెట్టుకొని కొలువుకు నడిచాడు. దారిలో ముగ్గురు ఆపి రుమాలు తీయించి మరీ చూశారు.

స్టేషన్లో, అప్పటికే బొగ్గేసి నీళ్లు నింపి ఉంచిన ఇద్దరు ఫైర్‌మన్లు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకుంటుంటే, డ్రైవరు హనుమండ్లు పొగబండి ఇంజనెక్కి, పొడుగ్గా కూత వేసి, పద్దెనిమిదేళ్లుగా కదిలిస్తున్నట్టే, పదకొండు పెట్టెల బల్లార్షా ప్యాసింజరును సరిగ్గా టైముకు కదిలించాడు.