అటక మీది పిల్ల

ఆశ్రయం అడిగినవాళ్లను విచారించే గదికి ఆ పూట దుబాసీ రాలేదు. నా మాటలు అధికారికి తర్జుమా చేయడానికి నా కూతుర్నే కూర్చోబెట్టారు.

"సైనికులొచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పమంటోందమ్మా."

కడుపున పుట్టినదాని నోటితో ఆ మాటలెలా పలికించను? దాన్ని ముందే అటకెక్కించాను. వాళ్లు చెరిచింది నన్నొక్కదాన్నే. ఆ సంగతి దానికి తెలియదు, తెలియకూడదు.

"ఇల్లు దోచుకుని పోయారని చెప్పు. అంతే."

అది చెప్పడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదు.

"నేనన్నది రెండు ముక్కలు. ఇంతసేపు ఏం చెప్పావే?"

"నువ్వు చెప్పిందేనమ్మా."

అధికారి లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నా వైపు చూడనైనా లేదు. గ్లాసు నా కూతురికి అందించి, ఒలికిపోకుండా దాని చేతులు పట్టుకుంది.

ఆ అటక ఎవరూ ఎక్కలేదనే ఇన్నాళ్లూ నమ్మాను.