ఎవరి పేరున టెంకాయ

"ఈ నలభై ఎందుకు పక్కన పెట్టినావమ్మా? బాగానే ఉండాయి కదా!"

సూపర్‌వైజరు హనుమంతరాయుడు ట్రేలోంచి ఒక పీసు తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"అంచు కాడ వెంట్రుక మాదిరి గీత ఉండాది సార్. కొలిమిలో కాలినంక అది పగులైతాది," అంది పద్మజ, ప్రెస్సు మీంచి చూపు తిప్పకుండా.

"అంత సన్నంగా ఎవరు చూస్తారు?"

పద్మజ ఇంకో పీసు నొక్కి తీసింది. సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న ఆ చిన్న ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ఆమె పని అదే. పొడి అచ్చులోకి జారుతుంది. ప్రెస్సు నొక్కుతుంది. పొడి ఒక ఆకారమై బయటికొస్తుంది. అది ఎక్కడికి పోతుందో, ఎవరికి పనికొస్తుందో వచ్చి చెప్పినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.

అంతలో వాచ్‌మన్ మారెప్ప లోపలికొచ్చాడు. "సార్, ఎవరో ముసలాయన. పొడి నొక్కేటోల్లను చూడాలంటాడు. ఎంత చెప్పినా గేటు కాడ నుంచి కదలడు."

ముసలాయన అప్పటికే వెనకాలే వచ్చేశాడు. భుజాన కంబళి, చేతిలో గుడ్డ సంచి.

"ఈడ పొడిని నొక్కి సామాన్లు చేసేది ఎవరప్పా?"

"ఈమే. ఏం పని?" అన్నాడు హనుమంతరాయుడు.

ముసలాయన పద్మజ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"నా పేరు చౌడప్ప మ్మా. ముదిగుబ్బ పక్క, గొర్లు మేపుకునేటోన్ని. గొర్రెపిల్ల కోసరం పోయి గుట్ట మీంచి జారిపడితి. తుంటి నుజ్జునుజ్జు అయిపాయ. రెండేండ్లు మంచంలోనే. మా ఆడమనిషి నల్లమ్మ ఒక్కతే మందను కాసింది, నన్నూ కాసింది. మొన్న ఉగాది ముందర పెద్దాసుపత్రిలో కొత్త తుంటి ఏసిరి. 'ఇది ఎముక కాదు, పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేసిన గుండు' అని డాక్టరమ్మ చెప్పింది. సోమందేపల్లె పక్క పొడి నొక్కే ఫ్యాక్టరీలు ఉండాయని ఒక లారీ డ్రైవరు చెప్తే వచ్చినా. పొద్దున్నించి రెండు గేట్ల కాడ పొమ్మనిరి. ఇది మూడోది."

హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. "చూడు పెద్దాయనా, అసలు సంగతేందంటే..."

"సార్," అంది పద్మజ. చెయ్యి చాచి ప్రెస్సు ఆపేసింది. పని వేళలో ఆమె ప్రెస్సు ఆపడం హనుమంతరాయుడు అంతకుముందు చూడలేదు. "ఆయన్ని కూర్చోనియ్యండి."

"కూర్చునేకి రాలేదు మ్మా. నడిచి చూపిచ్చేకి వచ్చినా."

చౌడప్ప సంచి కింద పెట్టి పంచె ఎగ్గట్టాడు. ప్రెస్సు దగ్గర నుంచి కొలిమి దాకా నడిచాడు. కర్ర లేదు. ఒళ్లు కొంచెం కుడిపక్కకు ఒరుగుతోంది గానీ అడుగు గట్టిగా పడుతోంది. కొలిమి దగ్గర తిరిగి నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ప్యాకింగు దగ్గరున్న వాళ్ల చేతులు ఆగిపోయాయి. పద్మజ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నొప్పి ఉండాదా పెద్దాయనా?"

"మబ్బు పట్టిన రోజు కొంచెం. మన పక్క అది ఎన్ని రోజులులే!"

అందరూ నవ్వారు. పద్మజ అప్పుడే నొక్కిన పీసు ఒకటి తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. అతను వేళ్లు ముడవగానే అది పొడిపొడిగా రాలిపోయింది.

"అయ్యో, ఇరిగిపాయనే!"

"కాల్చకముందు అట్లనే ఉంటాది." కాలిన పీసు ఒకటి ఇచ్చింది. "ఇప్పుడు దీన్ని నేలకేసి కొట్టు."

కొట్టాడు. పీసు ఖంగుమని మోగి దొర్లిపోయింది. దానికేమీ కాలేదు.

"నాలో ఉండేది పాల మాదిరి తెల్లగా ఉంటాదనిరి. ఇది నల్లగా ఉండాదే?"

"ఏ పొడికి ఆ రంగు పెద్దాయనా."

చౌడప్ప తన అరచేతిలో మిగిలిన పొడిని చాలాసేపు చూశాడు. దులుపుకోలేదు. "నేనూ రెండేండ్లు ఇట్లనే రాలిపోయింటి తల్లీ," అన్నాడు. ఆమె చేతిని పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. పద్మజ లాక్కోబోయి, మళ్లీ ఊరుకుంది.

"నీ పేరు చెప్పు. మంగళవారం మా చౌడమ్మ గుడి కాడ నీ పేరున టెంకాయ కొట్టల్ల. ఆ మొక్కు తీరేదాంక మందలోకి పోకూడదనుకుంటి."

పద్మజ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నా పేరొద్దు పెద్దాయనా."

"ఏం మ్మా?"

"ఇది ఒక్క చేతి పని కాదు. పొడి కలిపేటోల్లు, నొక్కేటోల్లు, కాల్చేటోల్లు, గీత కనపడితే పక్కన పెట్టేటోల్లు, ఎంతమందో ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలీవు. 'నా తుంటి చేసినోల్లు చల్లగా ఉండల్ల' అని కొట్టు. వాళ్లెవరో ఆ తల్లికి తెలుస్తాదిలే."

చౌడప్ప ఆ మాట మరిచిపోకుండా రెండుసార్లు పైకి అనుకున్నాడు. సంచిలోని ఉడికించిన చెనక్కాయలు ఆమె కొంగులో పోశాడు. "ఈ ఏడు చేన్లో చేతికొచ్చిందే ఇంత. అందరూ తినండి."

అతను గేటు దాటి, రోడ్డు మీద బస్సు ఎక్కేదాకా పద్మజ వాకిట్లోనే నిలబడింది.

"పేరు చెప్పుంటే ఆయన ఇంకా సంతోషపడుండు కదమ్మా," అన్నాడు హనుమంతరాయుడు, చెనక్కాయ ఒలుస్తూ.

"దండం తీసుకున్న్యా సార్. అదే శానా ఎక్కువ. టెంకాయన్నా చేరాల్సినోల్లకు చేరనీ."

ఆ ఫ్యాక్టరీలో మొదటినుంచీ చేసేది బోరు మోటార్లలో ఇరుసు చుట్టూ వేసే బుష్షులొక్కటే.