ఎర్తింగ్ ఖర్చు

"మొత్తం నలభై ఎనిమిది పాయింట్లండీ. దానికి తోడు ఎర్తింగండీ."

ఆ 'అండీ' వినగానే కోదండం మొహం మాడిపోయింది.

మన్సూరాబాద్‌లో అతను కట్టుకుంటున్న కొత్త ఇంటికి కరెంటు పని ఎంతవుతుందో చెప్పమని హార్డ్‌వేర్ దుకాణం వాళ్లు పంపిన మనిషి సీతారాములు. అరవైకి దగ్గరపడ్డ వయసు, భుజాన సంచి, చెవి మీద పెన్సిలు. పొద్దున్నుంచీ గది గదీ తిరిగి, గోడల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, కాగితం మీద ఐదు పద్దులు రాసిచ్చాడు.

కోదండం పద్దులు సరిగా చదవనే లేదు. మనిషి ఆంధ్రా యాసను మాత్రం చదివేశాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో తన చీరల దుకాణానికి తాళం వేసి, కోదండం రోజూ ఎల్బీనగర్ చౌరస్తా దీక్షా టెంటులో కూర్చుంటున్నాడు. ఉద్యమం మీద అతని ప్రేమ నిజమైనదే. నోటి దురుసు కూడా అంతే నిజమైనది.

"గీ ఐదోది ఏంది?"

"ఎర్తింగండీ. గుంత తీసి, రాగి రేకు పాతి, బొగ్గూ ఉప్పూ నింపాలి. నాలుగు వేలవుద్దండీ."

"మట్టిల బొగ్గు పోసుడుకు నాలుగు వేలా?"

"కావాలంటే నా కూలి తగ్గించుకుంటానండీ. అది మాత్రం కొట్టెయ్యకండి."

కోదండం భార్య వాసంతి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ముసలాయన చేతికిచ్చింది.

"జర ఆయన చెప్పేది ఇనరాదు" అంది మొగుడితో.

"నీకేం తెల్వదు, ఊకో. మన నీళ్లు దోసుకున్నరు, కొలువులు దోసుకున్నరు. ఇగ మన ఇండ్లల్ల గుంతలు తీసి గూడ దోసుకుంటరట!"

సీతారాములు తాగుతున్న గ్లాసు దించాడు.

"నేనలాంటివాణ్ణి కాదండీ."

"అయితే జై తెలంగాణ అను, చూద్దాం."

"జై తెలంగాణ."

ముసలాయన వెంటనే అన్నాడు.

ఇటుకలు మోస్తున్నవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా కోదండం నవ్వాడు.

"చూసిండ్రా? పైసలొస్తయంటె ఏదైన అంటరు. పో, నీ ఊరికి నువ్వు పో."

"మా ఊరాండీ..."

ఏదో చెప్పబోయి ఆగిపోయాడు సీతారాములు. గ్లాసు వాసంతికి తిరిగిచ్చి, "చల్లగా ఉండమ్మా" అని గేటు దాటాడు.

కోదండం ఐదో పద్దును అడ్డంగా కొట్టేసి, ఆ కాగితాన్నే మహేష్ చేతిలో పెట్టాడు. మహేష్ కూడా ఎలక్ట్రీషియనే. టెంటులో పక్కన కూర్చునేవాడు. మనవాడు.

"ఎర్తింగ్ ఒద్దా అన్నా?"

"ఒద్దు."

మహేష్ రెండోసారి అడగలేదు. గోడల నిండా మూడు కంతల సాకెట్లు బిగించాడు. చూడటానికి ఏ లోటూ లేదు. మూడో కంత వెనక ఉండాల్సిన ఎర్తు వైరు మాత్రం లేదు.

గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లందరికీ కోదండం మెయిన్ బోర్డు చూపించాడు.

"ఆంధ్రోడు యాభై వేలన్నడు. మనోడు నలభై ఆరుకే చేసిండు."

తగ్గిన నాలుగు వేలు ఎక్కడ తగ్గాయో ఎవరూ అడగలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున వాసంతి తడిచేతులతో వాషింగ్ మెషీన్‌ను ఇవతలికి జరపబోయింది. షాక్ కొట్టి పడిపోయింది.

దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు.

తర్వాత లైన్‌మన్ వచ్చి సాకెట్ విప్పి చూశాడు. "ఎర్తింగ్ ఉంటే బతికేది సార్" అన్నాడు, తల ఎత్తకుండానే.

దినాలు అయిపోయాయి. కూతురు విజయశ్రీ ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టుకోవడం లేదు. చెమటలు కారుతున్నా ఫ్యాను వేసుకోవడం లేదు. పనయ్యాక మహేష్ వదిలేసిపోతే వాసంతి మడిచి దాచిన ఆ పద్దుల కాగితం బీరువాలో కోదండానికి కనబడింది. అడుగున 'సీతారాములు, తుర్కయంజాల్' అని రాసి ఉంది.

అడుగుతూ అడుగుతూ వెళ్తే ఒక రేకుల ఇల్లు. సీతారాములు భార్య ఈరమ్మ తలుపు తీసింది.

"ఎవలు గావాలె సారూ?"

అచ్చమైన నల్లగొండ పల్లె మాట. కోదండం తడబడ్డాడు.

లోపల్నుంచి సీతారాములు వచ్చి గుర్తుపట్టాడు. మొదట అడిగింది ఒక్కటే.

"ఆ రోజు నాకు మంచినీళ్లిచ్చిన అమ్మ బాగుందాండీ?"

కోదండం గడప ముందే కూలబడిపోయాడు. ఏడుస్తూనే జరిగింది చెప్పాడు.

"ఇంట్ల బిడ్డ ఉన్నది పెద్దాయనా. నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడన్న గా పని చెయ్యి. ఎంతైన ఇస్త."

సీతారాములు కళ్లు తుడుచుకుని, లోపలికెళ్లి సంచి భుజాన వేసుకొచ్చాడు.

ఈరమ్మ అడ్డంగా నిలబడింది.

"గా ఇంటికేనా? జై తెలంగాణ అంటె నవ్విన ఇంటికేనా? ఆ దినమంత నువ్వు అన్నం ముట్టకపోతివి."

"జరగవే. అక్కడ పిల్ల ఉంది."

ఆమె జరిగింది. కానీ కోదండం వైపు తిరిగింది.

"నీ ఊరికి పొమ్మన్నవంట గద సారూ. పదేండ్ల పోరనిగ ఉన్నప్పుడు ఈయనను మేనమామ ఆంధ్ర దిక్కు మాచర్లకు తోల్కపోతె గాడ పెరిగిండు, గా మాటొచ్చింది. మా ఇద్దరిది నల్లగొండ జిల్లల ఒక్కటే ఊరు. ఏ తొవ్వల పోవాల్నో నువ్వే చెప్పు, మా ఊరు సాగర్ డ్యాం నీళ్ల కింద మునిగి యాభై ఏండ్లాయె."