ఎనిమిదో ఇల్లు

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? ఇవాళ నేనెవరి గోడూ వినను!"

పేరయ్య సిద్ధాంతి అరుపుకు అరుగు మీది ముసలమ్మ చేపలగంపను దగ్గరికి లాక్కుని ఒదిగి కూర్చుంది. లేచి మాత్రం వెళ్లలేదు.

మూడు రోజులుగా ఇదే వరస. పొద్దున్నే వస్తుంది, పొద్దుగూకాక పోతుంది. సఖినేటిపల్లిలో ఆమెను అంతకుముందు చూసినవాళ్లు లేరు.

"ఆ పాప సంగతండి, పంతులుగారూ..."

"పాపలకు తాయెత్తులు కట్టేది నేను కాదు. వేరే ఎవరినైనా చూసుకో!"

అసలే సిద్ధాంతి తల వేడెక్కి ఉంది. విశ్వావసు నామ సంవత్సరం, వైశాఖ మాసం. గోదావరికి ఇంకా ఆనకట్ట లేని రోజులు. వెంకటస్వామి నాయుడి భార్య ఏటి అవతల నరసాపురంలో పెళ్లి చూసి వస్తూ, నెలలు నిండకుండానే పడవలో ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల జాతకమే ఇప్పుడు ఆయన ప్రాణం తీస్తోంది.

మకరంలో శని. పక్కనే కుజుడు. ఒకరికది సొంత ఇల్లు, ఇంకొకరికి ఉచ్చస్థానం. ఇద్దరూ మహా బలవంతులు.

పుట్టిన వేళకు మిథున లగ్నమైతే వాళ్లిద్దరూ ఎనిమిదో ఇంట, ఆయువు చూసే చోట పడతారు. పిల్లకు ఏడాది గడవదు. కర్కాటక లగ్నమైతే ఏడో ఇల్లవుతుంది. అప్పుడు ఆ ఇద్దరే పిల్లను పల్లకీ ఎక్కిస్తారు.

పిల్ల పుట్టిన ఉదయం మిథునం పోయి కర్కాటకం వచ్చింది పొద్దుపొడిచిన ఎనిమిదిన్నర గడియలకు.

"సరిగ్గా ఎప్పుడు పుట్టిందండీ?" అని పదోసారి అడిగాడు సిద్ధాంతి.

"ఎనిమిది గడియలు అయ్యుంటుందండి," అన్నాడు ఎదురుగా కూర్చున్న నాయుడు పదోసారి.

"అయ్యుంటుందంటే ఎలాగండీ? అర గడియలో పిల్ల బతుకే మారిపోతుంటే!"

"నేను రేవులో నించున్నానండి. మా అమ్మ పడవలోనే ఉంది గానీ భయానికి సొమ్మసిల్లిపోయింది. నా ఇల్లాలికి ఒళ్లే తెలీలేదు. ఇంకెవర్ని అడగమంటారండీ?"

సిద్ధాంతికి ఒళ్లు మండిపోయింది. ఒక తాటాకు గ్రంథం శాంతి చేస్తే చాలంటుంది. ఇంకొకటి ఎన్ని శాంతులు చేసినా దండగంటుంది. నలభై ఏళ్లు చదివిన చదువు అర గడియ దగ్గర చతికిలబడింది.

నాయుడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇద్దరు పిల్లలు పోయేరండి. ఇదీ కళ్లముందే పోతే నా ఇల్లాలు బతకదు. దక్కదంటే ఇప్పుడే చెప్పెయ్యండి. తవుడికి ఇచ్చేస్తాను."

చేటెడు తవుడు తీసుకుని పిల్లను పరాయి చేతుల్లో పెడితే, ఆ ఇంటి పిల్ల కాదనుకుని మృత్యువు తప్పుకుంటుందని నమ్మకం.

సిద్ధాంతి విసుగ్గా గ్రంథం మూసేశాడు. పెద్దమనిషి ఎనిమిది అంటున్నాడు. ఎనిమిదే అనుకుంటే పోయె!

"మిథునమే. ఎనిమిదో ఇల్లే. పిల్ల ఏరు దాటాలి. మళ్లీ మీ గడప తొక్కకూడదు. తీసుకెళ్లేవాళ్లది ఏ ఊరో కూడా అడక్కండి. అప్పుడే ఆయువు దక్కుతుంది."

నాయుడు కూలబడ్డాడు.

అరుగు మీది ముసలమ్మ లేచింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది.

"అయితే నాకియ్యండి బాబూ," అంది.

పీడ విరగడైందనుకున్నాడు సిద్ధాంతి.

ఆ సాయంత్రమే నాయుడి పెరట్లో పిల్ల చేతులు మారింది. ఎవరికీ ఇవ్వనని పొద్దుట్నుంచీ గుండెలవిసేలా ఏడ్చిన తల్లి, ముసలమ్మను చూడగానే ఏడుపు ఆపి, తానే పిల్లను ఆమె ఒళ్లో పెట్టిందని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. వింతగానే తోచింది సిద్ధాంతికి.

అయినా ఆయనకు మనసు కుదురుకోలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు ఆ జాతకం చంకన పెట్టుకుని, నరసాపురంలో ఉన్న గురువుగారికి చూపిద్దామని రేవుకు బయలుదేరాడు.

పడవ కాస్త దూరం వెళ్లి ఇసుకలో దిగబడింది.

"ఇదేం ఖర్మరా నూకరాజూ! ఎంతసేపు?"

"సముద్రపు పోటు తగలాలండి. అది తగిలితే పడవ దానంతటదే లేస్తుందండి," అన్నాడు సరంగు నూకరాజు గెడ పక్కన పెట్టి. "నాయుడుగారి పాప పుట్టిన్నాడూ ఇంతేనండి. ఇక్కడే దిగబడిపోయేం. పడవ లేవడం, పాప కేరుమనడం ఒక్కసారే అయ్యేయండి."

సిద్ధాంతి చప్పున అతని వైపు తిరిగాడు.

"దిగబడినప్పుడా, లేచినప్పుడా? సరిగ్గా చెప్పు!"

"లేచినప్పుడేనండి. పురుడు పోసినావిడ పాపను పైకెత్తి, 'పోటు తగిలింది, వేళ గుర్తెట్టుకో నూకరాజూ' అన్నారు కూడానండి."

ఏ తిథికి ఈ రేవులో పోటు ఎప్పుడు తగులుతుందో పసిపిల్లలకైనా తెలుసు. ఆవేళ బహుళ చవితి. చవితినాడు తొమ్మిది గడియలకు గానీ తగలదు.

తొమ్మిది గడియలు. కర్కాటకం. ఏడో ఇల్లు.

పురుడు పోసింది ఎవరని అడగాలని తనకు తట్టనేలేదు! సిద్ధాంతి నూకరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరావిడ? ఏ ఊరు? చెప్పరా, ఇప్పుడే వెళ్లాలి!"

"ఊరు తెలీదండి. మొన్న పిల్లను ఒళ్లో పెట్టుకుని నా పడవలోనే అవతలికి దాటేరు. ఏ ఊరండీ అంటే, 'అడగొద్దని సిద్ధాంతిగారి మాట' అన్నారు."

పడవ కింద నీళ్లు కదిలాయి. నూకరాజు గెడ అందుకున్నాడు.

"అయినా ఆ వేళ చెబుదామనే కదండీ, అమ్ముకునే చేపలు గంపలోనే కుళ్లిపోతున్నా మూడు రోజులు మీ అరుగు మీద కూర్చున్నారు?"